సమస్య అబ్బాయిదైతే మేమంతా ఎందుకు వెళ్లాలి?

పదహారేళ్ల అబ్బాయి స్కూల్ మానేసి గదిలోంచి బయటికి రావడం లేదని, కౌన్సెలర్ ఇంటిల్లిపాదినీ రమ్మన్నారని రాశారు. "అంటే తప్పు మాదనా?" అని అడిగారు.

వెళ్లండి. అందరూ వెళ్లండి. ముఖ్యంగా మీవారిని తీసుకెళ్లండి. మా ఇంట్లో జరిగింది కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మా తమ్ముడు ఇంచుమించు ఇదే వయసులో స్కూల్ మానేశాడు. పొద్దున కడుపునొప్పి, మధ్యాహ్నానికి మాయం. టెస్టులన్నీ నార్మల్. వాడొక్కణ్ణే కూర్చోబెట్టి మాట్లాడించాలని చూసిన చోట వాడు నోరే విప్పలేదు. చివరికి ఫ్యామిలీ థెరపీకి వెళ్లాం. ఎవరికి నచ్చిన కుర్చీలో వాళ్లు కూర్చోమన్నారు. అమ్మ ఓ పక్క, నాన్న ఓ పక్క, మధ్యలో తమ్ముడు. నేను తలుపు దగ్గర.

థెరపిస్ట్ తమ్ముణ్ణి ఏమీ అడగలేదు. నన్ను అడిగారు: "వాడు పొద్దున లేవకపోతే ముందు ఎవరు గదిలోకి వెళ్తారు? అప్పుడు మిగతావాళ్లు ఏం చేస్తారు?" నాన్న వెళ్లి కేకలేస్తారని, అమ్మ వెళ్లి అడ్డుపడుతుందని, నాన్న అమ్మ మీద విసుక్కుని బయటికి వెళ్లిపోతారని, అమ్మ తమ్ముడి మంచం మీద కూర్చుని ఏడుస్తుందని చెప్పాను. "మరి వాడు స్కూల్‌కి వెళ్లిన రోజు అమ్మా నాన్నా ఏం మాట్లాడుకుంటారు?" అన్నారు. ఎంత ఆలోచించినా ఒక్కటీ గుర్తు రాలేదు. "ఏమీ మాట్లాడుకోరు" అన్నాను. నాన్న తల తిప్పి నన్నే చూశారు.

అప్పుడు థెరపిస్ట్ తమ్ముణ్ణి లేపి నా పక్కన కూర్చోబెట్టారు. నాన్నని వాడి కుర్చీలోకి జరగమన్నారు. "రేపు వాడు లేవకపోతే ఏం చేయాలో మీరిద్దరూ ఇప్పుడే తేల్చుకోండి, పిల్లల్ని అడగకండి" అన్నారు. అమ్మ తమ్ముడి వైపు తిరిగినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టి ఆపారు. వాళ్లిద్దరూ తడబడుతూ, మధ్యలో గొంతులు పెంచుకుంటూ మాట్లాడుకుంటుంటే తమ్ముడు వెనక్కి వాలి తీరిగ్గా ఆవులించాడు. నిద్ర కాదు అది, బరువు దిగడం. స్కూల్‌కి తిరిగి వెళ్లడానికి నెలలు పట్టింది కానీ మలుపు మాత్రం ఆ రోజే.

ఇలా కుర్చీలు మార్పించడం సాల్వడార్ మినుచిన్ అనే ఫ్యామిలీ థెరపిస్ట్ నుంచి వచ్చిన పద్ధతి. పెద్దవాళ్ల జట్టు వేరు, పిల్లల జట్టు వేరు, మధ్యలో గీత ఉండాలంటాడాయన. ఇద్దరి మధ్య టెన్షన్ పెరిగితే మూడో మనిషిని మధ్యలోకి లాగుతారని, అదొక త్రికోణమని చెప్పింది మర్రే బోవెన్ అనే సైకియాట్రిస్ట్. 1950లలో ఆయన అమెరికాలో పేషెంట్‌తో పాటు కుటుంబాలను కూడా ఆసుపత్రి వార్డులోనే ఉంచి గమనించాడు. అమ్మానాన్నల సంగతి నన్ను అడిగినట్టు, ఇద్దరి సంగతి మూడో మనిషిని అడగడం ఇటలీలోని మిలాన్ థెరపిస్టుల బృందం అలవాటు చేసింది. 1980లో వాళ్లు రాసిన వ్యాసం ఇప్పటికీ ఈ రంగంలో అందరూ చదువుతారు. పెద్దవాళ్లు మాట్లాడుకోని మాట పిల్లల ఒంట్లోంచి బయటికొస్తుందని నా గట్టి నమ్మకం. తెలిసిన ఇళ్లలో ఎక్కడ చూసినా నాకిదే కనిపిస్తుంది.

ఇక తప్పు సంగతి. మీ భయం ఊరికే పుట్టింది కాదు. 1948లో ఫ్రీడా ఫ్రోమ్-రైక్‌మన్ అనే సైకియాట్రిస్ట్, భ్రమలు, లేని గొంతులు వినిపించడం లాంటివి ఉండే స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బుకు తల్లి పెంపకమే కారణమన్న అర్థం వచ్చే మాట వాడింది. 1956లో గ్రెగరీ బేట్సన్ అనే పరిశోధకుడి బృందం 'డబుల్ బైండ్' సిద్ధాంతం తెచ్చింది, అంటే ఒకదానికొకటి పొసగని మాటలు చెప్పి ఎటు వెళ్లినా తప్పయ్యేలా ఇరికించడం. దాన్ని కూడా తల్లుల మీదికే తిప్పారు. పరిశోధన ఆ నిందను నిలబెట్టలేదు, కానీ ఎంతమంది అమ్మలు ఎన్నేళ్లు కుమిలిపోయారో తలుచుకుంటే నాకిప్పటికీ కోపమే. పరిశోధనలో నిలిచింది వేరే. జబ్బు ఎవరివల్ల వచ్చిందన్నది పక్కన పెట్టి, అది తిరగబెట్టడంలో ఇంటి వాతావరణం పాత్ర ఎంత అని చూశారు. విమర్శలు ఎక్కువగా ఉన్న ఇళ్లకు తిరిగి వెళ్లిన స్కిజోఫ్రీనియా పేషెంట్లకు జబ్బు ఎక్కువగా తిరగబెట్టిందని 1976లో వాన్, లెఫ్ అనే పరిశోధకులు చూపించారు. అలాంటి ఇళ్లవాళ్లకు జబ్బు గురించి వివరించి, తోడుగా నిలబడితే తిరగబెట్టడం తగ్గిందని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. తిండి మానేసే జబ్బు, అనొరెక్సియా విషయంలో 1987లో లండన్‌లో చేసిన ప్రయోగం చూడండి. చిన్న వయసులో మొదలై మూడేళ్లు దాటని వాళ్లకు, ఒక్కళ్లనే కూర్చోబెట్టి మాట్లాడడం కంటే ఫ్యామిలీ థెరపీ బాగా పనిచేసింది. అక్కడ తల్లిదండ్రులను ముద్దాయిలుగా కాదు, పిల్లను నిలబెట్టే మనుషులుగా పిలిచారు.

అయినా చాలాచోట్ల తల్లినొక్కదాన్నే పిలిచి ప్రశ్నలన్నీ ఆవిడనే అడుగుతారు. మాకు మొదట్లో జరిగిందీ అదే. నాన్న ఎక్కడున్నారని ఒక్కరూ అడగలేదు. మీవారికి ఆ రోజు కుదరకపోతే ఒంటరిగా వెళ్లకండి, తేదీ మార్చమని అడగండి. ఒకవేళ ఇంట్లో కొట్టడం లాంటిది ఉంటే మాత్రం అందరి ముందూ మాట్లాడే ముందే మిమ్మల్ని, అబ్బాయిని విడివిడిగా కలవమని ఫోన్లోనే చెప్పండి. కొట్టేవాడికీ దెబ్బలు తినేవాళ్లకీ బాధ్యత సమానంగా పంచే థెరపిస్ట్ అయితే ఇంకొకర్ని వెతుక్కోండి.