గది కన్నా ముందు ఏరియా చూడమ్మా

చి. శ్రావణికి పెద్దమ్మ ఆశీస్సులు.

సెలవుల్లో మీరంతా వెళ్లే ఆ చిన్న ఊళ్లో దిగడానికి నువ్వు పంపిన మూడు హోటళ్లూ చూశాను. గదులు బాగానే ఉన్నాయి. కానీ ఒకటి స్టేషన్ పక్కన, ఒకటి పాత ఊళ్లో, ఒకటి హైవే మీద. ముందు ఏ ఏరియాలో దిగాలో తేల్చుకో, గది సంగతి తర్వాత.

చిన్న ఊరే కదా, ఎక్కడ దిగితే ఏముంది అనుకుంటాం. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. పెద్ద నగరాల్లో అర్ధరాత్రి దాకా ఏదో ఒక బండి దొరుకుతుంది. చిన్న ఊళ్లలో చాలాచోట్ల రాత్రి ఎనిమిది, తొమ్మిదయ్యేసరికి బస్సులు పల్చబడతాయి, యాప్ తెరిస్తే దగ్గర్లో ఒక్క క్యాబ్ కూడా కనిపించదు. పగలు ఎంత దూరమైనా ఎలాగోలా వెళ్లొస్తాం. టెన్షనంతా రాత్రి భోంచేసి పిల్లలతో గదికి చేరడంలోనే. అందుకే నేను ముందు ఆలోచించేది ఒక్కటే, మన సాయంత్రాలు ఎక్కడ గడుస్తాయి, అక్కణ్ణుంచి నడిచి రాగలమా అని.

నడక అన్నాను కాబట్టి మ్యాప్ సంగతి చెప్పాలి. ఒకసారి నేను దిగిన హోటల్ స్టేషన్‌కి నాలుగు వందల మీటర్లని రాసి ఉంది. రైలు దిగి చూస్తే బోర్డు ఎదురుగానే వెలుగుతోంది, కానీ అది పట్టాలకి అవతల. ఈ వైపు గేటు బయటికి వచ్చి, వంతెన ఎక్కి దిగి, చీకట్లో సూట్‌కేసు లాక్కుంటూ చేరేసరికి అరగంట పట్టింది. ఒక చక్రం వంతెన మెట్ల మీదే విరిగింది. సైట్లలో చూపించే దూరం చాలాసార్లు గీత గీసినట్టు తిన్నగా కొలిచింది. మధ్యలో పట్టాలో, కాలవో, గుట్టో ఉంటే అది లెక్కలోకి రాదు. మ్యాప్‌లో నడక దారి పెట్టి చూడు. మామూలుగా కిలోమీటరుకి పన్నెండు, పదిహేను నిమిషాలు, మీ అత్తగారితో అయితే ఇరవై పైనే వేసుకో.

తెల్లవారుజామున రైలుంటే తప్ప స్టేషన్ పక్కన వద్దు, రాత్రంతా అనౌన్స్‌మెంట్లు, హారన్లు. సొంత కారుంటే హైవే హోటల్ హాయి, పార్కింగ్ బెంగ ఉండదు. మీకు కారు లేదు కాబట్టి దాన్ని వదిలేయ్. కాలేజీల చుట్టుపక్కల మామూలు రోజుల్లో సందడిగా ఉంటుంది కానీ సెలవులిస్తే సగం భోజనం హోటళ్లు మూసేస్తారు. ఆఫీసుల ఏరియా ఆదివారం నిర్మానుష్యం. మీరు వెళ్లేది సెలవుల్లోనే, ఇది మర్చిపోకు.

పాత ఊరు నాకు ఇష్టం. పొద్దున్నే లేచి చుట్టూ నడిస్తే చాలు, ఊరు చూసినట్టే ఉంటుంది. కానీ సందుల్లోకి కారు రాదేమో, సామాను ఎంత దూరం మోయాలో, లిఫ్టు ఉందో లేదో అడుగు. వీధి వైపు గది వద్దు, వెనక వైపు ఇమ్మను. రివ్యూలు చదివేటప్పుడు కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని చప్పుడు గురించి ఎవరైనా రాశారేమో వెతుకు. ఫొటోల్లో చప్పుడు వినబడదు కదా.

ఇంకో మాట, నాలుగు రాత్రులకీ ఒకేసారి డబ్బు కట్టేయకు. డబ్బు వెనక్కిచ్చే బుకింగే తీసుకో, లేదా ముందు రెండు రాత్రులకే చెయ్యి.

నన్నడిగితే ఆ పాత ఊళ్లోదే మీకు సరిపోతుంది, లిఫ్టు ఉంటేనే సుమా. ఈ సాయంత్రం వాళ్లకి ఫోన్ చేసి, "రాత్రి తొమ్మిదిన్నరకి దగ్గర్లో భోజనం ఎక్కడ దొరుకుతుంది, పిల్లలతో నడిచి వెళ్లొచ్చా" అని అడుగు. ఠక్కున రెండు చోట్లు చెప్పి దారి కూడా చెబితే బుక్ చేసెయ్. నీళ్లు నమిలితే నాకు ఫోన్ చెయ్యి, ఇద్దరం కూర్చుని ఇంకోటి వెతుకుదాం.

నీ పెద్దమ్మ