గేమ్ మధ్యలో కంప్యూటర్ ఆరిపోతోందా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

గాజువాక నుంచి ఒక పాఠకుడు: రైజెన్ 5 5600ఎక్స్ ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే పెట్టె) ఉన్న నా పీసీకి ఈమధ్యే సెకండ్ హ్యాండ్‌లో ఆర్టీఎక్స్ 3080 గ్రాఫిక్స్ కార్డు కొని పెట్టానండీ. సినిమాలు, కాలేజీ పని, బ్రౌజింగ్ అన్నీ బాగానే నడుస్తున్నాయి. పెద్ద గేమ్ పెడితే మాత్రం పది నిమిషాల్లో, ఒక్కోసారి లోడింగ్ అవగానే, టక్కున ఆరిపోతోంది. మానిటర్ లైటు వెలుగుతూనే ఉంటుంది. వెనక స్విచ్ ఆపి, కాసేపాగి వేస్తే గానీ పవర్ బటన్ పనిచేయదు. షాపులో చూసి ఎస్‌ఎంపీఎస్ బాగానే ఉందన్నారు. కార్డు పోయిందంటారా?

జవాబు: కార్డును ఇప్పుడే అనుమానించకండి. వెనక స్విచ్ ఆపి వేస్తే గానీ బటన్ పనిచేయదన్నారు చూశారా, అసలు ఆధారం అదే. ఎస్‌ఎంపీఎస్ తన రక్షణ కోసం తానే ఆగిపోయినప్పుడు లోపల లాక్ పడుతుంది. మెయిన్స్ తీసి, కెపాసిటర్లలో ఛార్జి దిగేదాకా, అంటే అర నిమిషమో నిమిషమో ఆగితే గానీ అది వదలదు. వేడెక్కి ప్రాసెసర్ ఆపేసిన పీసీ ఇలా మొండికేయదు. బటన్ నొక్కితే లేస్తుంది, వేడి తగ్గకపోతే మళ్లీ పడిపోతుంది. పైగా వేడి సమస్యలో ఆరిపోయే ముందు గేమ్ ఆగి ఆగి నడుస్తుంది. ప్రాసెసరూ కార్డూ ముందు స్పీడు తగ్గించుకుని నెట్టుకొచ్చి, అదీ చాలకపోతేనే ఆగిపోతాయి. మీ గేమ్ ఫుల్ స్పీడులో ఉండగానే పడిపోతోందంటే అనుమానం కరెంటు మీదే.

కాగితం మీద లెక్క వేస్తే 650 వాట్లు చాలాలి. 3080 కార్డుకు 320, 5600ఎక్స్‌కు గరిష్ఠంగా 76, బోర్డు, ఫ్యాన్లు, డ్రైవులు కలిపి ఇంకో 60. మొత్తం 460 దాటదు. కానీ అది సగటు. గేమ్‌లో సీన్ మారిన క్షణంలో 3080 లాంటి కార్డు కొన్ని మిల్లీసెకన్ల పాటు 450 వాట్లకు పైగా లాగుతుంది. అదే క్షణంలో ప్రాసెసర్ కూడా పుంజుకుంటే పాత ఎస్‌ఎంపీఎస్‌లోని ఓవర్ పవర్ ప్రొటెక్షన్ దాన్ని ప్రమాదంగా లెక్కేసి మొత్తం ఆపేస్తుంది. ఈ కార్డుకు దాని తయారీ కంపెనీ ఎన్విడియా కనీసం 750 వాట్లు సూచించింది ఊరికే కాదు. కొన్ని గేముల మెనూ స్క్రీన్‌లో ఫ్రేమ్ రేటుకు హద్దు ఉండదు. కార్డు అక్కడే పూర్తి బలంతో పనిచేస్తుంది, అందుకే ఆట మొదలవకముందే ఆరిపోయే పీసీలు కూడా ఉంటాయి.

షాపువాళ్లు అబద్ధం చెప్పారనుకోనక్కర్లేదు. సాధారణంగా చేసే పరీక్ష 24 పిన్ కనెక్టర్‌లో ఆకుపచ్చ తీగను నల్ల తీగకు కలిపి ఫ్యాన్ తిరుగుతోందా అని చూడటమే. అందులో లోడ్ ఏమీ లేదు. మీ బాధ లోడ్‌లోనే కదా!

రూపాయి ఖర్చు లేకుండా తేల్చుకునే పద్ధతి ఉంది. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకుని కార్డు పవర్ లిమిట్‌ను 70 శాతానికి దించండి. కార్డు 224 వాట్ల దగ్గర ఆగుతుంది, క్షణకాలం ఎక్కువ కరెంటు లాగే ఆ ఉలికిపాట్లూ తగ్గుతాయి. గేమ్‌లో ఫ్రేములకు 60 హద్దు పెట్టి, రోజూ ఆరిపోయే చోటే రెండు గంటలు ఆడండి. వెనకాల ఉష్ణోగ్రతలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ తెరిచి, పోలింగ్ వ్యవధిని (ఎంతసేపటికోసారి కొలవాలన్నదాన్ని) 2000 నుంచి 500 మిల్లీసెకన్లకు తగ్గించి, లాగింగ్ ఆన్ చేయండి. ఈసారి ఆరకపోతే, మళ్లీ 100 శాతం పెట్టగానే ఆరితే, లాగ్ చివరి వరుసల్లో ఉష్ణోగ్రతలు 80 లోపే ఉంటే, దోషం ఎస్‌ఎంపీఎస్‌ది లేదా దాని కేబుళ్లది. మిల్లీసెకన్ల ఉలికిపాటు మాత్రం ఈ లాగ్‌లో కనబడదు, అక్కడ వెతకకండి. 70 శాతంలోనూ ఆరిపోతుంటే అప్పుడు స్నేహితుడి పీసీలో, 850 వాట్ల ఎస్‌ఎంపీఎస్ మీద, కార్డును పెట్టి చూడాలి.

కొత్తది కొనేముందు కేబుళ్లు చూడండి. ఒకే కేబుల్‌కి చివర రెండు 8 పిన్ తలలుంటే, ఆ రెండూ కార్డుకే పెట్టి ఉంటే, మొత్తం భారం ఒక్క కేబుల్ మీదే పడుతోంది. ఒక 8 పిన్ కనెక్టర్‌కు ప్రమాణం ప్రకారం 150 వాట్లు. కార్డులో ఎన్ని సాకెట్లుంటే ఎస్‌ఎంపీఎస్ నుంచి అన్ని విడి కేబుళ్లు లాగండి. దీనితోనే నయమైన పీసీలు తక్కువేం కాదు. ఒక హెచ్చరిక: మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ అయితే ఇంకో కంపెనీ కేబుల్ ఎంత చక్కగా పట్టినా పెట్టొద్దు. ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్‌ల వరస కంపెనీకో రకంగా ఉంటుంది. 5 వోల్టుల చోట 12 వెళితే డ్రైవులు కాలిపోతాయి.

కొనక తప్పకపోతే 850 వాట్లది, ఏటీఎక్స్ 3.0 లేదా ఆ తర్వాతి ప్రమాణంది తీసుకోండి. ఆ ప్రమాణంలో ఎస్‌ఎంపీఎస్ తన రేటింగ్‌కు రెట్టింపు లోడ్‌ను 100 మైక్రోసెకన్లు తట్టుకోవాలి. మీ జబ్బుకు మందు అదే. 80 ప్లస్ గోల్డ్ అన్న ముద్ర కరెంటు ఎంత వృథా అవుతుందో చెబుతుంది గానీ లోపలి రక్షణలు ఎంత బాగున్నాయో చెప్పదు. మన ఉక్కపోతలో ఇంకోటి కూడా చూడాలి: ఆ వాటేజీ ఎన్ని డిగ్రీల దగ్గర లెక్కగట్టారన్నది. మంచివి 50 డిగ్రీల దగ్గర కూడా పూర్తి వాట్లు ఇస్తాయి. పాతదాన్ని విప్పి బాగుచేసే ప్రయత్నం చేయకండి. ప్లగ్గు తీశాక కూడా అందులో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు.

పెదవాల్తేరు నుంచి ఒక పాఠకురాలు: మా అబ్బాయి గేమ్ ఆడుతుంటే కరెంటు ఉన్నా సరే యూపీఎస్ కీచుమని, పీసీ, మానిటర్ రెండూ ఒకేసారి ఆరిపోతున్నాయి. ఐ5 12400ఎఫ్, ఆర్టీఎక్స్ 3060. యూపీఎస్ 600 వీఏ. బ్యాటరీ మార్చినా తీరు మారలేదు.

జవాబు: మానిటర్ కూడా ఆరిందంటే పీసీ లోపల వెతకనక్కర్లేదమ్మా. తప్పు గోడకీ పీసీకీ మధ్య ఉంది. 600 వీఏ అంటే 600 వాట్లు కాదు. ఈ రకం యూపీఎస్‌లు చాలావరకు 360 వాట్లే ఇస్తాయి, వెనక స్టిక్కర్ మీద చూడండి. మీ ప్రాసెసర్ టర్బోలో 117, కార్డు 170, మిగతావి 50. ఎస్‌ఎంపీఎస్‌లో వృథా అయ్యేదీ, మానిటర్‌కీ కలిపితే గోడ నుంచి 430 దాకా లాగుతుంది. యూపీఎస్‌కు అది ఓవర్‌లోడ్, కరెంటు ఉన్నా ట్రిప్ అవుతుంది. బ్యాటరీ మారిస్తే ఇది తీరేది కాదు.

ఒకరోజు పీసీని ఎర్తింగ్ ఉన్న గోడ సాకెట్‌కు నేరుగా పెట్టి ఆడించండి. ఆరకపోతే తేలిపోయినట్టే. అప్పుడు కనీసం 600 వాట్లు అని రాసి ఉన్న యూపీఎస్ తీసుకోండి. వీఏ అంకె చూసి కొనకండి. వీలైతే ప్యూర్ సైన్ వేవ్ రకం (గోడ కరెంటులా నున్నటి తరంగం ఇచ్చేది) మేలు. యాక్టివ్ పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్‌ను సరిచేసే సర్క్యూట్) ఉన్న ఎస్‌ఎంపీఎస్‌లు కొన్ని చవక యూపీఎస్‌ల మెట్ల తరంగంతో సరిపడక, బ్యాటరీ మీదకు మారగానే ఆగిపోతాయి. లేజర్ ప్రింటర్ కూడా యూపీఎస్‌కే తగిలించి ఉంటే ముందు అది తీసేయండి.

భీమిలి నుంచి ఒక పాఠకుడు: మా ఇల్లు సముద్రానికి దగ్గర. ఐదేళ్ల పీసీ. ఈ వేసవిలో గేమ్ నెమ్మదించి, ఆనక ఆరిపోతోంది. కార్డు పిన్‌ల మీద ఆకుపచ్చగా పట్టింది. లిక్విడ్ కూలర్ ఉంది.

జవాబు: నెమ్మదించి ఆరడం వేడి లక్షణం. మీకు ముందు అనుమానించాల్సింది కూలర్ పంపును. బయోస్‌లోకి (విండోస్ రాకముందు తెరుచుకునే సెట్టింగ్‌ల తెర) వెళ్లి పంపు ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో) చూడండి. సున్నా ఉంటే, లేదా ఏ పనీ లేకుండా బయోస్‌లోనే నిమిషంలో ఉష్ణోగ్రత 80 దాటిపోతుంటే, పంపు పోయింది. పంపు తిరుగుతుంటే రేడియేటర్ రెక్కల మధ్య దుమ్ము దులిపి, కూలర్ విప్పి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ప్రాసెసర్ మీది పాత థర్మల్ పేస్ట్ తుడిచి, బఠాణీ గింజంత కొత్తది పెట్టండి. స్క్రూలు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్లు తిరగకుండా వేలితో పట్టుకోండి.

పచ్చదనం ఉప్పుగాలి పని. ఉప్పు కలిసిన దుమ్ము తేమ పీల్చుకుని కరెంటు పారేలా చేస్తుంది, రాగిని తింటుంది. కార్డు అంచును అదే ఆల్కహాల్‌తో, పోగులు రాలని గుడ్డతో తుడవండి. రబ్బరుతో రుద్దే అలవాటు మంచిది కాదు, బంగారు పూత అరుగుతుంది, పొడి స్లాట్‌లో పడుతుంది. పవర్ కనెక్టర్లలో ఎక్కడైనా ప్లాస్టిక్ గోధుమరంగుకు మారి ఉంటే ఆ కేబుల్ మార్చాల్సిందే. ఏసీ గదిలో పీసీ ఉంటే, ఏసీ ఆపి కిటికీలు తీసిన వెంటనే ఆన్ చేయకండి. మే నెలలో మన గాలిలో తేమ ఎంతుంటుందంటే, చల్లబడ్డ లోహం మీద నీరు పడుతుంది. అరగంట ఆగండి.

మధురవాడ నుంచి ఒక విద్యార్థి: ఆరిన ప్రతిసారీ విండోస్ చిట్టా అయిన ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అని వస్తోంది. అంటే ఎస్‌ఎంపీఎస్ మార్చాలా?

జవాబు: అక్కర్లేదు. విండోస్ సరిగా మూతపడలేదని తప్ప 41 ఇంకేమీ చెప్పదు. దాని వివరాల్లో బగ్‌చెక్ కోడ్ చూడండి. సున్నా ఉంటే చాలావరకు కరెంటో వేడో, లేదా మెషీన్ బిగుసుకుపోయి ఉండొచ్చు. వేరే అంకె ఉంటే బ్లూ స్క్రీన్ వచ్చి, మీరు చూసేలోపే రీస్టార్ట్ అయింది. స్టార్టప్ అండ్ రికవరీ సెట్టింగ్‌లో ఆటోమేటిక్ రీస్టార్ట్ టిక్ తీసేస్తే ఆ నీలి తెర నిలబడుతుంది, కోడ్ రాసుకోవచ్చు. పక్కనే వియా-లాగర్ (WHEA-Logger) 18, అంటే హార్డ్‌వేర్ తప్పు, కూడా కనబడితే ఓవర్‌క్లాక్ (ప్రాసెసర్‌ను హద్దు మించి పరిగెత్తించడం), ఎక్స్‌ఎంపీ (ర్యామ్ స్పీడు పెంచే సెట్టింగ్) రెండూ ఆపి చూడండి. అప్పుడు నిలబడితే, ఎక్స్‌ఎంపీ ఒక్కటే తిరిగి పెట్టి, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ను నాలుగు పాస్‌లు నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ర్యామ్ స్టిక్కులను ఒక్కొక్కటిగా పెట్టి పరీక్షించాలి.