గొట్టంలో మందు కూరబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

వచ్చే జూలైలో నువ్వు వయోమింగ్ వెళ్తున్నావనీ, పైన్‌డేల్ దగ్గర స్నేహితులతో డేరా వేసి, బీవర్ అనే నీటి జంతువును పట్టిన పాతకాలపు వేటగాళ్ల తోలు దుస్తుల్లో, మూతిలోంచి మందు కూరే తుపాకి పేల్చబోతున్నావనీ మీ అమ్మ నిన్న రాత్రి ఫోనులో చెప్పింది. నిన్ను ఆపమని నన్ను అడిగింది. ఆపే ముఖం నాకు లేదు. సెయింట్ లూయిస్ వచ్చిన ఇరవై రెండేళ్లలో సగం ఆదివారాలు నేను ఆ పొగ కంపుతోనే ఇంటికి చేరాను. మొదట్లో బ్లాక్ పౌడర్‌ను ‘నల్లమందు’ అని చెప్పి మీ పెద్దమ్మను హడలగొట్టిన సంగతి మన ఇంట్లో అందరికీ తెలిసినదే. అది సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన తుపాకి మందు. దీపావళికి మీ తాతగారు మా చేత సిసింద్రీల్లో కూరించిన మందుకు దగ్గరి చుట్టం.

నీ చేతికి వచ్చినది హాకెన్ రైఫిల్ నమూనా అని విన్నాను. జేకబ్, శామ్యూల్ హాకెన్ సోదరుల దుకాణం ఈ ఊళ్లోనే ఉండేది కనుక నాకు దాని మీద కొంచెం ఊరి అభిమానం ఉన్న మాట నిజమే. అయినా ఆ కాలంలో కొండలెక్కిన ప్రతి వేటగాడి భుజానా హాకెనే ఉండేదంటే నమ్మకు. 1825లో హెన్రీస్ ఫోర్క్ ఏటి దగ్గర తోళ్ల వ్యాపారి ఆష్లీ మనుషులు తొలిసారి కలుసుకున్నప్పటి నుంచి, 1840లో గ్రీన్ నది ఒడ్డున చివరి రాండేవూ, అంటే వేటగాళ్ల సంత, ముగిసేదాకా, ఎందరో మోసినవి పెన్సిల్వేనియాలో చేసిన రైఫిళ్లూ, అక్కడి తెగలతో మారకానికి తెచ్చిన చవకరకం తుపాకులూ. పైగా బీవర్‌ను పట్టినది నీళ్లలో పెట్టిన ఇనుప బోనుతో. తుపాకి అడవిదున్న మాంసానికీ, గ్రిజ్లీ ఎలుగు ఎదురైతే ప్రాణం దక్కించుకోవడానికీ. 1823లో ఎలుగు చీల్చేసిన హ్యూ గ్లాస్ అనే వేటగాణ్ణి ఇక బతకడనుకుని వదిలిపోయినవాళ్లు అతని రైఫిల్‌ను మాత్రం వదలలేదు.

నీకు తెలిసినవే అయినా కొన్ని చెబుతాను. మందునూ, దాన్ని అంటించే చిన్న క్యాపులనూ విమానంలో ఏ పెట్టెలోనూ తీసుకుపోనివ్వరు, అక్కడే కొనుక్కో. ఇప్పటి తూటాల్లో వాడే పొగరాని మందును ఈ గొట్టంలో చిటికెడైనా పోయకు. కళ్లద్దాలూ చెవి మూతలూ వేషానికి నప్పకపోయినా పెట్టుకో. మందు నింపుకునే కొమ్ములోంచి నేరుగా గొట్టంలోకి మందు వంచకు. లోపల ఒక్క నిప్పురవ్వ మిగిలి ఉన్నా కొమ్మంతా నీ చేతిలోనే పేలుతుంది కనుక, కొలగొట్టంలోకి పోసుకుని, కొమ్ముకు బిరడా బిగించాకే పని కానివ్వు. కాల్చిన రోజు రాత్రే వేడినీళ్లతో గొట్టం కడుగు.

ఇక నా తప్పు సంగతి. నేను ఈ సరదా మొదలుపెట్టిన రెండో ఏడు, అక్టోబరులో ఒక చలి ఉదయం. నా మొదటి తుపాకి ఆ మారకపు తుపాకుల నమూనాయే. చెకుముకి రాయితో పేలేది, మూతి వైపు గొట్టం పలుచన. 70 గ్రెయిన్ల మందు పోశాను, కొవ్వు రాసిన గుడ్డముక్క మూతి మీద పరిచాను, దాని మీద సీసపు గుండు పెట్టి పొట్టి కర్రతో నాలుగు వేళ్ల లోతుకు దించాను. అప్పుడే పక్క బల్ల దగ్గరి మనిషి, మీ దేశంలో ఇలాంటివి ఉన్నాయా అని అడిగాడు. నాకు ఉత్సాహం పొంగుకొచ్చింది. చేలల్లో అడవిపందులను బెదరగొట్టే మన ఊరి నాటు తుపాకి గురించీ, దాన్ని భుజాన వేసుకుని రాత్రంతా మంచె మీద దగ్గుతూ కూర్చునే కాపలా తాత గురించీ పది నిమిషాలు చెప్పాను. మాటలు ముగిశాయి, రామ్‌రాడ్ అనే పొడుగు కర్ర తీసి గుండును మందు దాకా దించే పని మాత్రం నా మనసులోనే ముగిసింది. చెకుముకి కింద ఉండే చిన్న పళ్లెంలో మందు పోసి, గురి చూసి కాల్చాను. దెబ్బ భుజానికి కొత్తగా తగిలింది, అంతే. నాకు ఈ విద్య నేర్పిన పెద్దాయన లేచి వచ్చాడు, ఒక్క మాట అనలేదు. నా బొటనవేలు పట్టుకుని గొట్టం వెంట మూతి వైపు నడిపించాడు. చివరికి నాలుగు వేళ్ల దూరంలో చెరుకుగడ కణుపులా ఉబ్బి ఉంది. మందుకూ గుండుకూ నడుమ ఖాళీ ఉంటే, ఎగదన్నుకొచ్చిన వాయువు గుండు వెనక ఒక్కచోట కుదించుకుపోయి గొట్టాన్ని ఉబ్బిస్తుంది, లేదా చీలుస్తుంది. నా ఎడమ చేయి ఆ కణుపుకు మూరెడు వెనకాల ఉంది.

కాబట్టి మొదటి రోజే ఖాళీ గొట్టంలో రామ్‌రాడ్ వేసి మూతి దగ్గర ఒక గీత గీయి. కొలత మందు మీద గుండు సరిగ్గా కూర్చున్నాక రెండో గీత గీయి. రెండో గీత మూతికి సరిపోతే తప్ప క్యాపు ముట్టుకోకు. కూరేటప్పుడు ఎవరు పలకరించినా పలకకు. పెద్దవాళ్లు అడిగితే బదులివ్వకపోవడం మన పెంపకానికి కష్టమే. అయినా పలకకు, నేనే అయినా సరే.

క్యాపు పేలి తుపాకి పేలకపోతే మూతిని గురి వైపే ఉంచి నిండా నిమిషం లెక్కపెట్టు. ఒక్కోసారి మందు ఆలస్యంగా అందుకుంటుంది. మీ నాన్న కుడి కనుబొమలో వెంట్రుకలు మొలవని చోటు ఒకటి ఉంది కదా, జామచెట్టు మీంచి పడ్డానని నీకు చెప్పి ఉంటాడు. తొమ్మిదో ఏట, చీదేసిన టపాకాయ మీదికి వంగి చూసినప్పుడు అయిన గాయం అది. వెళ్లి చూడరా అని వాణ్ణి పంపినది నేను. ఇన్నేళ్లలో వాడు ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అందుచేత నిమిషం అంటే నిమిషమే అమ్మా, అరవై దాకా పైకి వినబడేలా లెక్కపెట్టు. స్నేహితులు నవ్వితే నవ్వనీ.

ఆ ఉబ్బిన చోటును కోయించి ఇన్నాళ్లూ బల్ల మీద కాగితాల బరువుగా పెట్టుకున్నాను. ఈ ఉత్తరంతో పాటు ఆ ముక్కను పంపుతున్నాను, బొటనవేలితో తడిమి చూడు. వయోమింగ్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు దాన్ని నాకు ఇచ్చెయ్యి. ఫ్యాను వేస్తే కాగితాలు అన్నీ ఎగిరిపోతున్నాయి.

ఇట్లు,
మీ పెదనాన్న