బండి బరువు తగ్గించాలనే పిల్లాడికి దారేది?

ప్రశ్న: మాది తిరుపతి. మా అబ్బాయి పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా ఆఖరి ఏడాది చదువుతున్నాడు. ఇంట్లో మూలన పడున్న వాళ్ల నాన్న పాత యమహా ఆర్‌ఎక్స్ 100ను ఊడదీసి, బండరాళ్లెక్కే ట్రయల్స్ బైకుగా మారుస్తానంటున్నాడు. బరువు తగ్గాలని కనబడిన భాగానికల్లా డ్రిల్లుతో బెజ్జాలు వేస్తున్నాడు. ఇప్పుడు ఫ్రేమ్ కోసేసి అల్యూమినియంతో కొత్తది కట్టిస్తానని డబ్బులు అడుగుతున్నాడు. వాళ్ల నాన్నకు ఒళ్లు మండిపోతోంది. చదువు పాడవుతుందేమోనని నాకు టెన్షన్. ఈ పిచ్చికి భవిష్యత్తేమైనా ఉందా?

జవాబు: ఉందమ్మా. కానీ ముందు ఆ ఫ్రేమ్ కోయడం ఆపించండి.

ఫ్రేమ్ మీద ఛాసిస్ నంబరు కొట్టి ఉంటుంది. ఆర్‌సీలో ఉన్న వివరాలు మారిపోయేలా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కుదరదు. వాళ్ల నాన్న బాధ కూడా న్యాయమైనదే, అది ఆయన వయసులో నడిపిన బండి. ఆ ఫ్రేమ్‌ను అలాగే ఉంచి, కొలతలు మాత్రం తీసుకోమనండి. చేసేది వేరే ఫ్రేమ్‌గా, కాలేజీ ప్రాజెక్టుగా చేయొచ్చు. నడపడం మాత్రం యజమాని ఒప్పుకున్న ప్రైవేటు స్థలంలోనే. రోడ్డు మీద కాదు, శేషాచలం అడవిలో అసలే కాదు. అది 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వు.

ఇక అతని పని గురించి. ట్రయల్స్‌లో వేగంతో పని లేదు. కాలు కింద పెట్టకుండా రాళ్లూ గుంతలూ దాటాలి, కాలు పెడితే పెనాల్టీ పాయింట్లు పడతాయి. అందుకే ఈ బండ్లకు మామూలు సీటు ఉండదు, ట్యాంకు చిన్నది, ఇప్పటి పోటీ బండ్లు 70 కిలోల చుట్టూ ఉంటాయి. ఆర్‌ఎక్స్ 100 వంద కిలోలు. తేడా చూసి పిల్లాడు డ్రిల్లు పట్టుకోవడంలో వింత లేదు. శామీ మిల్లర్ అనే ట్రయల్స్ రైడర్ ఏరియల్ కంపెనీ బండిని ఏళ్ల తరబడి ఇలాగే తేలిక చేస్తూ పోటీలు గెలిచాడు. తర్వాత స్పెయిన్‌లోని బుల్టాకో కంపెనీకి వెళ్లి, అక్కడ తయారైన తేలికపాటి షెర్పా బండి మీద 1965లో స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ గెలిచాడు.

అయితే బెజ్జం ఎక్కడ వేయాలో తెలియడమే అసలు విద్య. నేను కౌన్సెలింగ్‌లోకి రాకముందు ఒక విడిభాగాల కంపెనీలో పనిచేశాను. అక్కడ బరువు తగ్గించాలని ఒక బ్రాకెట్‌కు అదనంగా బెజ్జం వేశారు. పరీక్షలో మొదట ఏమీ కాలేదు. కొన్నాళ్లకు సరిగ్గా ఆ బెజ్జం అంచు నుంచే పగులు మొదలైంది. తీగను అటూ ఇటూ వంచుతూ పోతే తెగినట్టే లోహం అలసిపోతుంది, దాన్నే ఫెటీగ్ అంటారు. మీ అబ్బాయి ఫుట్‌రెస్టు బ్రాకెట్‌కు గానీ, హ్యాండిల్ కింద స్టీరింగ్ మెడ దగ్గర గానీ, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్‌ఆర్మ్‌కు గానీ బెజ్జం వేసి ఉంటే ఆ భాగాన్ని దయచేసి పక్కన పారేయించండి. రాయి మీద నుంచి దిగేటప్పుడు మనిషి బరువంతా ఫుట్‌రెస్టుల మీదే పడుతుంది. ఇందులో నేను రాజీ పడను.

బరువు తగ్గించడానికి ఒక వరుస ఉంది. ముందు అక్కర్లేనివి తీసేయాలి: సీటు, లైట్లు, స్టాండు, పెద్ద ట్యాంకు, పొడుగాటి బోల్టులు. తర్వాత ఆకారం మార్చాలి. లోహం మార్చడం చివరి మాట. మీవాడు చివరిదాన్ని మొదట పట్టుకున్నాడు.

ఆకారం సంగతి లెక్కతోనే చెబుతాను, అతనికి చూపించండి. 25 మిల్లీమీటర్ల వ్యాసం, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న స్టీలు గొట్టం బదులు 32 వ్యాసం, 1.2 మందం ఉన్నది వాడితే బరువు దాదాపు 20 శాతం తగ్గుతుంది, వంగకుండా నిలిచే గట్టితనం 40 శాతానికి పైగా పెరుగుతుంది. వెదురు లోపల బోలుగా ఉండి కూడా నిచ్చెనకు ఆగేది ఇందుకే. అయితే గొట్టం మరీ పలచనైతే రాయి తగలగానే సొట్ట పడుతుంది, వెల్డింగ్‌లో చిల్లు పడుతుంది. ఎక్కడ ఆగాలో తేల్చుకోవడమే డిజైన్.

అల్యూమినియం బరువు స్టీలులో మూడో వంతే. గట్టితనం కూడా మూడో వంతే. పైగా 6061-టి6 లాంటి అల్యూమినియం రకాన్ని వెల్డ్ చేస్తే అతుకు పక్కన బలం బాగా పడిపోతుంది, మళ్లీ హీట్ ట్రీట్‌మెంట్ చేయిస్తేనే తిరిగి వస్తుంది. గేట్లు, గ్రిల్స్ చేసే షాపులో అది కుదిరే పని కాదు. మొదటి ఫ్రేమ్‌కు క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన) స్టీలు గొట్టం, టిగ్ వెల్డింగ్ బాగా తెలిసిన మనిషి చాలు. అల్యూమినియానికి ఇప్పుడు డబ్బులివ్వకండి.

ఇక చదువు. డిప్లొమా వాళ్ల ప్రవేశ పరీక్ష ఈ-సెట్ బాగా రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరతాడు. ఎస్వీ యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీ మీ ఊళ్లోనే ఉంది. ఏ కాలేజీలో చేరినా, బాహా పోటీకి (విద్యార్థులు తామే కట్టిన బండితో గతుకుల నేల మీద పోటీపడేది) బండి కట్టే విద్యార్థి జట్టు ఉందో లేదో ముందే అడగండి. ర్యాంకు తర్వాత నేను చూసేది అదే. స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ గట్టిగా చదివి, కంప్యూటర్‌లో డిజైన్ గీసే క్యాడ్, భాగం మీద ఎక్కడ ఎంత ఒత్తిడి పడుతుందో లెక్కగట్టే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి నేర్చుకుని, తర్వాత గేట్ రాస్తే మెషిన్ డిజైన్‌లో ఎంటెక్‌కు వెళ్లొచ్చు. ఏర్పేడు దగ్గరి ఐఐటీ కూడా దూరమేమీ కాదు.

ఉద్యోగాల విషయంలో ఉన్న మాట చెబుతాను. సత్యవేడు మండలం మాదన్నపాలెంలో హీరో మోటోకార్ప్, శ్రీసిటీలో ఇసుజు ఉన్నాయి గానీ, అలాంటి ఫ్యాక్టరీల్లో ఎక్కువగా దొరికేది ప్రొడక్షన్, క్వాలిటీ పని. డిజైన్ పని కావాలంటే చెన్నై, హోసూరు, బెంగళూరు, పుణె వెళ్లాలి. ఎలక్ట్రిక్ బండ్లలో బ్యాటరీ బరువు ఎక్కువ కాబట్టి, మిగతా బండిని బలం తగ్గకుండా తేలిక చేయగలిగినవాడి అవసరం ఉంటుంది.

ఇంటర్వ్యూలో అతన్ని నిలబెట్టేది ఒక నోటుబుక్కు. ఊడదీసిన ప్రతి భాగాన్నీ తూకం వేసి, బరువెంత, ఎంత తగ్గించాడు, ఎందుకు అక్కడే తగ్గించాడు, ఏది విరిగింది అని తేదీతో రాయమనండి. ఈ-సెట్ అయ్యేదాకా బండికి ఆదివారాలు మాత్రమే. వాళ్ల నాన్నను కూడా ఒక ఆదివారం పక్కన కూర్చోబెట్టండి, ఆ బండి ఏ గతుకులో ఎలా ప్రవర్తించేదో ఆయనకంటే బాగా చెప్పేవాళ్లు లేరు. నోటుబుక్కులో పది పేజీలు నిండాక ఫొటోలు తీసి నాకు పంపమనండి, బెజ్జాలు ఎక్కడెక్కడ వేశాడో చూసి చెబుతాను.