అంతర్జాతీయ న్యాయానికి దారి మన కోర్టుల మీదుగానే

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లా. సౌదీలో కొన్నేళ్లు పనిచేసి వచ్చాను. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం సీఈసీ చదువుతోంది. అంతర్జాతీయ న్యాయశాస్త్రం చదివి మానవ హక్కుల రంగంలో పనిచేస్తానంటోంది. ఐదేళ్లు చదివించాక దీనితో ఉపాధి దొరుకుతుందా? – ఒక తండ్రి

సమాధానం: దొరుకుతుంది, అయితే మీ అమ్మాయి ఊహించుకుంటున్న వరుసలో కాకపోవచ్చు. అంతర్జాతీయ న్యాయం అనగానే హేగ్, జెనీవా గుర్తుకు రావడం సహజమే కానీ, కొత్తగా పట్టా పుచ్చుకున్నవారికి అక్కడి అంతర్జాతీయ సంస్థల్లో ఉండే కొలువులు బహు తక్కువ. పైగా వలస కార్మికుల హక్కులపై ఐక్యరాజ్యసమితి 1990లో ఆమోదించిన ఒప్పందంలో మన దేశమూ చేరలేదు, సౌదీ కూడా చేరలేదు. కాబట్టి గల్ఫ్ కార్మికుడి తరఫున నిలబడే న్యాయవాదికి ఆ ఒప్పందం పెద్దగా అక్కరకు రాదు. పని నడిచేదంతా రెండు దేశాల సొంత చట్టాల మధ్యే.

మీకు తెలిసిన సంగతితోనే చెబుతాను. నెలకు 1,200 రియాళ్ల జీతం మీద ఏడేళ్లు పనిచేసి తిరిగి వచ్చిన కార్మికుడిని తీసుకుందాం. సౌదీ కార్మిక చట్టం ప్రకారం మొదటి ఐదేళ్లకు ఏడాదికి అర నెల జీతం, ఆపైన ఏడాదికి నెల జీతం చొప్పున లెక్కగడితే, సర్వీసు ముగిసినప్పుడు అతడికి రావలసింది 5,400 రియాళ్లు. అదే అతడు తనంతట తానే రాజీనామా చేసినట్టు కాగితం మీద ఉంటే, అందులో మూడింట రెండు వంతులు, అంటే 3,600 మాత్రమే వస్తాయి. తాను చదవలేని అరబిక్ కాగితం మీద కఫీల్ (వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని) పెట్టించుకున్న ఒక్క సంతకం ఖరీదు 1,800 రియాళ్లన్నమాట. ఆ సొమ్ము కోసం ఇక్కడి నుంచి పవర్ ఆఫ్ అటార్నీ పంపాలంటే నోటరీ, రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ దాటి విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్ర (కాగితం అసలైనదేనని ఇతర దేశాలు ఒప్పుకునే ధ్రువీకరణ) దాకా వెళ్లాలి. సౌదీ ఆ అపోస్టిల్ ఒప్పందంలో చేరింది 2022లోనే, అంతకుముందు ఎంబసీ గడప కూడా తొక్కవలసి వచ్చేది. మానవ హక్కుల పనిలో చాలా భాగం ఇలా తేదీలు, సంతకాలు, ముద్రల వెంట తిరగడమే. ఇందులో విసుగు పుట్టదా అని మీ అమ్మాయిని ఇప్పుడే అడగండి.

ప్రవేశాల విషయం క్లుప్తంగా చెబుతాను. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష క్లాట్‌లో మంచి ర్యాంకు వస్తే హైదరాబాద్‌లోని నల్సార్, విశాఖపట్నంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. రాకపోతే రాష్ట్ర స్థాయి ప్రవేశ పరీక్ష లాసెట్ ద్వారా రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఐదేళ్ల కోర్సులో చేరవచ్చు. క్లాట్ కోసమే ఒక ఏడాది వృథా చేసుకోమని నేను చెప్పను. సివిల్ ప్రొసీజర్, కాంట్రాక్టు చట్టం, కార్మిక చట్టాలు గట్టిగా రాకుండా అంతర్జాతీయ న్యాయంలో ఎల్‌ఎల్‌ఎం చేసినవారు కక్షిదారు ముందు తడబడతారు. ఇక్కడి చట్టాల పని నుంచి అంతర్జాతీయ వేదికకు వెళ్లినవారికి ఉదాహరణ కావాలంటే, కృష్ణా జిల్లాలో పుట్టిన పి. చంద్రశేఖరరావు గారు హాంబర్గ్‌లోని అంతర్జాతీయ సముద్ర న్యాయ ట్రిబ్యునల్‌లో 1996 నుంచి న్యాయమూర్తిగా, 1999 నుంచి 2002 దాకా అధ్యక్షుడిగా ఉన్నారు; అంతకుముందు ఆయన కేంద్ర న్యాయశాఖ కార్యదర్శిగా పనిచేశారు.

ఇక సంపాదన. కార్మికుల హక్కుల కేసులనే నమ్ముకుంటే మొదటి కొన్నేళ్లు ఇంటి నుంచి డబ్బు పంపవలసి వస్తుందని మీరు సిద్ధపడాలి. అందుకే డేటా రక్షణ చట్టాలను కూడా నేర్చుకోమంటాను. 2018 మే 25 నుంచి అమలవుతున్న ఐరోపా సమాఖ్య డేటా రక్షణ నిబంధన (జీడీపీఆర్), ఆ దేశాల్లో ఉన్నవారి సమాచారంతో పనిచేసే హైదరాబాద్ కంపెనీకి కూడా వర్తించగలదు. జరిమానా ప్రపంచవ్యాప్త వార్షిక టర్నోవరులో 4 శాతం దాకా ఉండవచ్చు. మన పార్లమెంటు కూడా 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేసింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని ఒప్పందాలు చదవగలిగిన వారికి కంపెనీలు జీతమిస్తాయి. గల్ఫ్ కార్మికుడి అగ్రిమెంటు చదివే నేర్పే ఇక్కడా పనికొస్తుంది.

మీ పాత అగ్రిమెంటు, అకామా (సౌదీ నివాస అనుమతి పత్రం) నకళ్లు ఇంట్లో ఉంటే పరీక్షలయ్యాక మీ అమ్మాయి చేతికివ్వండి. మీకు రావలసినదెంత, వచ్చినదెంత అని లెక్క వేయమనండి. తేడా ఎక్కడ వచ్చిందో వెతుకుతూ ఆమె రాత్రి భోజనం వేళ మరిచిపోతే, ఫీజు కట్టడానికి వెనకాడకండి.