కూలెంట్ బాటిల్ పగిలి ఇంజిన్ పట్టేసింది. నష్టం ఎవరు కట్టాలి?

ప్రశ్న (సంగ్రహంగా): మాది విశాఖపట్నంలోని గాజువాక. నాకున్న ఒక్క లారీ 2011 మోడల్. దాని కూలెంట్ ప్రెజర్ బాటిల్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం ఉండే డబ్బా) పసుపు తిరిగి, అతుకు దగ్గర చెమర్చుతుంటే, పదిహేనేళ్ళుగా సొంత తమ్ముడిలా మెలిగిన ఆటోనగర్ మెకానిక్ చేత 2024 ఏప్రిల్ 18న కొత్తది వేయించాను. కంపెనీ సామానే అని చెప్పి, బిగించే ముందు దాని అట్టపెట్టె ఫొటో వాట్సాప్‌లో పంపాడు. 2,800 రూపాయలు ఫోన్‌పే చేశాను, బిల్లు అడగలేదు. పాత మూత బాగానే ఉందని అదే పెట్టించాను. సెప్టెంబరు 10న సిమెంటు లోడుతో అరకు వెళ్తుండగా టైడ దాటాక బాటిల్ పగిలింది. డ్రైవరు ఫోన్ చేస్తే, నీళ్ళు పోసుకుంటూ ఎలాగోలా అనంతగిరి చేరమన్నాను. చేరేలోపే ఇంజిన్ పట్టేసింది. వేరే షెడ్డులో బాగుచేయించడానికి 1,85,000 రూపాయలైంది. తీసేసిన పిస్టన్లు, లైనర్లు పాత ఇనుముకు వేశాను. పగిలిన బాటిల్‌ను షాపులో చూపిస్తానని మెకానిక్ పట్టుకెళ్ళాడు. సంక్రాంతికి ఇస్తా, ఉగాదికి ఇస్తా అంటూ ఈ 2026 మే దాకా లాక్కొచ్చాడు. అప్పుల వల్ల మా అమ్మాయి పెళ్ళి వాయిదా పడింది. అతని మీద చీటింగ్ కేసు పెట్టవచ్చా? తెలిసిన షాపులో 2024 ఏప్రిల్ తేదీతో బిల్లు రాయించుకుని వినియోగదారుల కోర్టుకు వెళ్ళమని కొందరు చెబుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మెకానిక్‌తో మీ స్నేహం గురించి మీరు మూడు పేజీలు రాశారు. మీ కేసును తేల్చేది మాత్రం ఒక్క వాక్యం: డ్రైవరు ఫోన్ చేస్తే, నీళ్ళు పోసుకుంటూ అనంతగిరి చేరమన్నాను అన్నది. మీరు ఏ కోర్టు గడప తొక్కగలరో, తొక్కాక ఎంత రాబట్టగలరో, రెండూ ఆ వాక్యంలోనే ఉన్నాయి.

మొదట కోర్టు సంగతి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం వాణిజ్య అవసరానికి కొన్నవారు వినియోగదారులు కారు. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికే కొని, స్వయంగా వాడుకునేవారికి మాత్రం మినహాయింపు ఉంది. పాత చట్టం కింద 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ గీతను లారీ ఉదాహరణతోనే గీసింది. తానే నడుపుకోవడానికి లారీ కొన్నవాడు వినియోగదారుడే, సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నా ఆ హోదా పోదు. పూర్తిగా మరొకరి చేత నడిపించేవాడికి మాత్రం ఆ హోదా లేదు. లారీ కొండ మీద ఉండగా మీరు ఇంట్లో ఫోన్ అందుకున్నారు కాబట్టి ఎదుటి న్యాయవాది వేసే తొలి ప్రశ్న ఇదే అవుతుంది. మీకు రవాణా వాహనం నడిపే లైసెన్సు ఉండి, మిగిలిన ట్రిప్పులు మీరే తోలుతూ, లోడింగ్ స్లిప్పుల మీద మీ సంతకాలు ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు నిశ్చింతగా వెళ్ళండి. 5 లక్షల రూపాయల లోపు కొనుగోళ్ళకు అక్కడ ఫీజు కూడా లేదు. అవేవీ లేకపోతే, నేనే నడుపుతున్నానని ప్రమాణపత్రంలో రాయవద్దు. కమిషన్ ముందు నడిచేది న్యాయ విచారణే, అక్కడ అబద్ధపు ప్రమాణం నేరమే.

ఇక్కడే కాలపరిమితి చిక్కు ఉంది. కమిషన్‌లో ఫిర్యాదుకు 69వ సెక్షన్ ప్రకారం గడువు రెండేళ్ళు. లోపం బయటపడిన 2024 సెప్టెంబరు 10 నుంచి లెక్కిస్తే మీకు 2026 సెప్టెంబరు 10 వరకు సమయం ఉంది. బాటిల్ అమ్మిన ఏప్రిల్ 18 నుంచే లెక్కించాలని ఎదుటివారు వాదిస్తారు; ఆ లెక్కన గడువు నెల క్రితమే దాటింది. కాబట్టి వెళ్ళేటట్లయితే ఫిర్యాదుతో పాటే, జాప్యాన్ని మన్నించమని కారణాలతో ఒక దరఖాస్తును ముందుజాగ్రత్తగా జతచేయాలి. సివిల్ దావాకు మూడేళ్ళు ఉంటాయి. అక్కడా నా సలహా ఏప్రిల్ 18 నుంచే లెక్కపెట్టుకోమని, అంటే 2027 ఏప్రిల్ మొదటివారం దాటనివ్వవద్దు. సంక్రాంతికి ఇస్తా, ఉగాదికి ఇస్తా అన్న మాటలు ఈ గడువును ఒక్క రోజు కూడా పెంచవు. లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం గడువు లోపలే బాధ్యతను ఒప్పుకుంటూ సంతకం చేసిన కాగితం ఉంటేనే లెక్క కొత్తగా మొదలవుతుంది. రెండు పండుగల్లో ఒకదానికైనా మీరు ఆ రెండు వాక్యాలు రాయించుకుని ఉండవలసింది.

ఇప్పుడు నష్టం సంగతి. బాటిల్ నాసిరకమని రుజువైనా, ఇంజిన్ పాడవడానికి కారణం అదేనని విడిగా రుజువు చేయాలి. కూలెంట్ వ్యవస్థలో మూత నిలిపి ఉంచే ఒత్తిడి వల్లనే నీరు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. వాతావరణ పీడనానికి పైన మరో 1 బార్ ఒత్తిడి ఉంటే సుమారు 120 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. బాటిల్ పగిలిన క్షణంలో ఆ ఒత్తిడి పోతుంది. అనంతగిరి ఎత్తులో మామూలు నీరు 100 డిగ్రీలకు ముందే మరుగుతుంది, పైగా లోడుతో ఎక్కుతున్న ఇంజిన్. అటువంటప్పుడు నీళ్ళు పోస్తూ నడపడమంటే ఆవిరిని పోస్తూ నడపడమే. కాగిన ఇంజిన్‌లో చన్నీళ్ళు పోస్తే హెడ్ (సిలిండర్ల పైన మూతలా ఉండే భాగం) చిట్లే ప్రమాదం కూడా ఉంది. కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ వివరణ ప్రకారం నష్టాన్ని తగ్గించుకోవడానికి మీ చేతిలో ఉన్న మార్గాన్ని కూడా కోర్టు లెక్కలోకి తీసుకుంటుంది. లారీని టైడ దగ్గరే పక్కకు ఆపి, లాగే బండిని పిలిచి ఉంటే పోయేది బాటిల్, కూలెంట్, ఒక రోజు కిరాయి. ఇంత పాత లారీ యజమానికి ఇది తెలియదంటే కోర్టు నమ్మదు, నేనూ నమ్మను. కాబట్టి 1,85,000 రూపాయలు మొత్తం వస్తాయని ఆశ పెట్టుకోవద్దు. ఫోన్ చేసే సమయానికి హీట్ ముల్లు ఎక్కడ ఉందో, ఎంతసేపు ఆపి చల్లార్చారో, తర్వాత ఎంత దూరం నడిపారో డ్రైవరు చెప్పే దాన్ని బట్టి వచ్చే భాగం తేలుతుంది. ఫోన్ చేసేనాటికే ఇంజిన్ దెబ్బతిని ఉందని తేలితే మీ వాటా తప్పు తగ్గుతుంది.

బాటిల్ ఎందుకు పగిలిందన్నదీ తేలలేదు. మూతలోని వాల్వు బిగుసుకుపోతే ఒత్తిడి బయటకు పోలేక మంచి బాటిల్ కూడా పగులుతుంది. హెడ్ గ్యాస్కెట్ (హెడ్ కింద ఉండే సీలు) కాలి సిలిండరులోని వాయువు కూలెంట్‌లోకి దూరినా పగులుతుంది. కొత్త బాటిల్‌కు పాత మూత పెట్టించి మీరే ఎదుటివారికి ఒక వాదం అందించారు. పిస్టన్లు, లైనర్లు పాత ఇనుముకు వేసి మరొకటి అందించారు. అన్నిటికన్నా ముఖ్యమైన వస్తువును, ఎవరిపై దావా వేయాలో ఆ మనిషి చేతికే ఇచ్చారు. ఇంత నిర్లక్ష్యం తర్వాత కూడా కేసు పూర్తిగా పోలేదు. ఆ పాత మూత మీ దగ్గర ఉంటే ఒక సంచిలో వేసి, సీలు చేసి, ఇద్దరు సాక్షుల సంతకాలతో భద్రపరచండి. హెడ్ విప్పిన రెండో షెడ్డు మెకానిక్ చేత గ్యాస్కెట్, హెడ్ ఏ స్థితిలో కనిపించాయో రాయించి తేదీతో సంతకం తీసుకోండి. మీ కేసులో అతడే అసలు సాక్షి. బాటిల్‌ను ప్రయోగశాలలో పరీక్షించమని అడిగే హక్కు కమిషన్‌లో మీకుంది. తన వద్ద ఉన్న వస్తువును మెకానిక్ దాచేస్తే, అది అతనికి వ్యతిరేకంగా ఉండేదేనని భావించే వీలు భారతీయ సాక్ష్య అధినియం 119వ సెక్షన్ కోర్టుకు ఇస్తోంది. అయితే బాటిల్ అతని దగ్గరే ఉందని ముందు మీరు నిరూపించాలి.

బిల్లు విషయం. తెలిసిన షాపులో పాత తేదీతో బిల్లు రాయించుకునే ఆలోచనను ఈ రోజే మానుకోండి. జీఎస్టీ బిల్లుల నంబర్లు ఆర్థిక సంవత్సరం వారీగా వరుసగా ఉండాలి; ఆ వరుసలో ఇమడని బిల్లు ఒక్క విచారణలో బయటపడుతుంది. సరుకు అమ్మకుండా బిల్లు ఇచ్చినందుకు ఆ షాపువాడికి జీఎస్టీ చట్టం కింద జరిమానా పడుతుంది, దొంగ పత్రాన్ని నిజమైనదిగా కోర్టులో పెట్టినందుకు మీరు భారతీయ న్యాయ సంహిత కింద ముద్దాయి అవుతారు. బాటిల్ ఖరీదు 2,800 రూపాయలు, దాని కోసం జైలా? పైగా ఆ బిల్లు మీకు అవసరమే లేదు. సరుకుల విక్రయ చట్టం, 1930 ప్రకారం నోటిమాటతో జరిగిన అమ్మకమూ అమ్మకమే. మీ బ్యాంకు ఖాతాలో ఆ తేదీన మెకానిక్‌కు పోయిన సొమ్ము, బిగించే ముందు అతడు పంపిన అట్టపెట్టె ఫొటో, ఈ రెండూ మీరు రాయించాలనుకున్న బిల్లుకంటే బలమైనవి. ఆ ఫోన్‌ను అమ్మకండి, వాట్సాప్ సంభాషణ చెరిపేయకండి. దాఖలు చేసేటప్పుడు ఎలక్ట్రానిక్ ఆధారాలకు సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కోరే ధ్రువపత్రం జతచేయాలి.

చీటింగ్ కేసు గురించి క్లుప్తంగా చెబుతాను. అమ్మే నాటికే మోసపుచ్చే ఉద్దేశం ఉండాలి. అది డూప్లికేట్ అని తెలిసే కంపెనీ సామానుగా అంటగట్టాడని చూపలేనంత వరకు పోలీసులు దీన్ని సివిల్ వివాదమనే అంటారు, అది సరైనదే. షాపువాడి చేతిలో అతడే మోసపోయి ఉండవచ్చు.

ఇక చేయవలసింది. ఈ నెలలోనే ఒక న్యాయవాది ద్వారా మెకానిక్‌కు, అతడు బాటిల్ కొన్న షాపు ఏదో తెలిస్తే దానికి, స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. కొన్న తేదీ, చెల్లించిన సొమ్ము, పగిలిన తేదీ రాసి, బాటిల్‌ను ఉన్నది ఉన్నట్టు భద్రపరచి పదిహేను రోజుల్లో అప్పగించమని అడగండి. టైడ నుంచి మీరు లారీ నడపమన్న సంగతిని నోటీసులో దాచవద్దు, అది క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎలాగూ బయటికి వస్తుంది. జవాబు రాకపోతే విశాఖపట్నం జిల్లా కోర్టు ప్రాంగణంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో, దావా వేయకముందే లోక్ అదాలత్‌కు దరఖాస్తు పెట్టండి. అక్కడ కుదిరిన రాజీ సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. ఇన్నాళ్ళూ ఇస్తానన్న మనిషి న్యాయమూర్తి ఎదుట ఒక మొత్తానికి ఒప్పుకోవచ్చు. 70 వేలకు అటూఇటూగా ఒప్పుకుంటే, మీ తప్పు వాటాను బట్టి చూస్తే అది మంచి బేరమే; వదులుకోవద్దు. రాజీ చర్చలు నడుస్తున్నా గడువు ఆగదు కాబట్టి ఆగస్టు చివరికి తేలకపోతే, మీరే లారీ నడిపే ఆధారాలుంటే సెప్టెంబరు 10 లోపు కమిషన్‌కు, లేకపోతే సివిల్ కోర్టుకు వెళ్ళండి.

అన్నిటికన్నా ముందు ఆ డ్రైవరును కలవండి. లారీ డ్రైవర్లు యజమానులను మారుస్తూ ఉంటారు. రేపు అతడు ఏ ఒడిశాకో వెళ్ళిపోతే, టైడ నుంచి అనంతగిరి దాకా ఏం జరిగిందో చెప్పగల మనిషి మీకు మరొకడు ఉండడు.