వాషింగ్టన్‌లందరూ ఒక ఇంటివాళ్ళేనా?

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. నటుడు డెంజెల్ వాషింగ్టన్ సినిమా చూస్తూ, 'ఈయన జార్జి వాషింగ్టన్ వంశమా?' అని అడిగాడు. ఇంటిపేరు ఒకటే కదా, నాకేం చెప్పాలో తోచలేదు. మీరు చెప్పండి టీచరుగారూ. – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కాదమ్మా. జార్జి వాషింగ్టన్‌కు సొంత పిల్లలు లేరు. భార్య మార్తాకు మొదటి పెళ్ళిలో పుట్టిన పిల్లల్నే పెంచుకున్నాడు. మన దగ్గర ఇంటిపేరు కలిస్తే అన్నదమ్ముల వరస అయిపోతుంది, పెళ్ళి మాటే ఎత్తం. ఈ పేరు దగ్గర ఆ లెక్క కుదరదు. 2000 నాటి అమెరికా జనాభా లెక్కల్లో వాషింగ్టన్ ఇంటిపేరు ఉన్నవాళ్ళు 1,63,036 మంది. వాళ్ళలో నూటికి 90 మంది నల్లజాతివాళ్ళు.

ఆ దేశపు తొలి అధ్యక్షుడు తెల్లవాడు, పైగా బానిసల యజమాని. 1799లో ఆయన చనిపోయేనాటికి మౌంట్ వెర్నన్ ఎస్టేట్‌లో 317 మంది బానిసలున్నారు. వాళ్ళలో తన సొంతమైన 123 మందిని విడిచిపెట్టాలని వీలునామా రాశాడు. అలాంటి మనిషి పేరు వీళ్ళకెలా వచ్చిందంటే, బుకర్ టి. వాషింగ్టన్ కథ చెప్పాలి.

వర్జీనియాలో బానిసగా పుట్టిన పిల్లవాడు. 1865లో అంతర్యుద్ధం ముగిసి స్వేచ్ఛ వచ్చాక వెస్ట్ వర్జీనియాలోని మాల్డెన్ చేరి, ఉప్పు కొలిమి దగ్గర పనిచేస్తూ బడికి వెళ్ళాడు. అక్కడ పిల్లలందరికీ టోపీలున్నాయి, తనకు లేదు. కొనే స్తోమత లేక, అప్పు చేయడం ఇష్టంలేక, వాళ్ళమ్మ రెండు ముతకగుడ్డ ముక్కలు కలిపి టోపీ కుట్టింది. తర్వాత హాజరు పిలుస్తుంటే, అందరికీ రెండేసి పేర్లు, కొందరికి మూడు కూడా ఉన్నాయని గమనించాడు. తనకున్నది 'బుకర్' ఒక్కటే. తన వంతు వచ్చేలోపు ఆలోచించుకుని, పుట్టినప్పటినుంచీ అదే తన పేరన్నంత నిబ్బరంగా 'బుకర్ వాషింగ్టన్' అన్నాడు. ఆత్మకథలో ఆయనే రాసుకున్నాడు. సవతి తండ్రి పేరు వాషింగ్టన్ ఫెర్గూసన్, కాబట్టి ఆ మాట ఇంట్లో వినబడుతూనే ఉండేది. తల్లి తనకు టాలియాఫెరో అనే పేరు కూడా పెట్టిందని తర్వాత తెలిసింది. మధ్యలో 'టి' అదే.

ముప్పై ఏళ్ళు హాజరుపట్టీ పిలిచినదాన్ని. పేరు పిలిచినప్పుడు పిల్లల గొంతులో వచ్చే ధీమా నాకు తెలుసు. ఆ ధీమా కోసం ఒక పసివాడు అప్పటికప్పుడు ఇంటిపేరు వెతుక్కోవలసి రావడం, ఎన్నిసార్లు చదివినా నాకు కళ్ళు చెమరుస్తాయి. ఆ పిల్లవాడే 1881లో అలబామాలోని టస్కీగీలో నల్లవారి విద్యాలయానికి తొలి అధిపతి అయ్యాడు.

స్వేచ్ఛ వచ్చాక ఎందరికో ఇలాగే ఇంటిపేరు అవసరమైంది. పెళ్ళి నమోదుకు, కూలి ఒప్పందానికి, బడికి రెండో పేరు కావాలి. కొందరు తమలో తాము ముందునుంచీ వాడుకుంటున్న పేరు బయటపెట్టారు, కొందరు పాత యజమానిది ఉంచుకున్నారు, కొందరు కొత్తది ఎంచుకున్నారు. యజమాని పేరే అంటగట్టారని చాలామంది అనుకుంటారు. ఎంచుకున్నవాళ్ళ సంగతి మరిచిపోకూడదని నా పట్టుదల.

మీ అబ్బాయికి ఇంకో ముగ్గురి గురించి చెప్పండి. వాషింగ్టన్ నగరానికి 1974లో ఎన్నికైన మేయర్ వాల్టర్ వాషింగ్టన్. షికాగోకు తొలి నల్లజాతి మేయర్, 1983లో గెలిచిన హెరాల్డ్ వాషింగ్టన్. గాయని డైనా వాషింగ్టన్ అసలు పేరు రూత్ జోన్స్, అది పాటకోసం పెట్టుకున్న పేరు. ఇక డెంజెల్ 1954లో పుట్టింది న్యూయార్క్ రాష్ట్రంలోని మౌంట్ వెర్నన్‌లో. జార్జి ఎస్టేట్ పేరే ఆ ఊరికి పెట్టారు. ఆ ఎస్టేట్ మాత్రం వర్జీనియాలో ఉంది, పటంలో రెండూ చూపించండి.